అత్త కోసం బతికిన విలన్

నా మాటల్లో ముప్పాతిక కోతలే, ముందే చెబుతున్నాను.

బస్సులో నా ముందు సీట్లో, చేతికి పుత్తూరు కట్టుతో ఒక ముసలామె. పక్కన కోడలు ఆమెకు వారపత్రికలో సీరియల్ చదివి వినిపిస్తోంది. చటుక్కున చదవడం ఆపింది.

“ఏమ్మే, ఆ పాపిష్టోడు సచ్చినాడా?”

“యాడ సస్తాడత్తా! తప్పించుకున్నాడు.”

ముసలామె తిట్లు లంకించుకుంది. బస్సు జానెడు పైకి లేచింది. నేను పత్రికలోకి తొంగిచూశాను. విలన్ నిక్షేపంగా చచ్చిపడి ఉన్నాడు!

కోడలు వెనక్కి తిరిగి గొంతు తగ్గించింది. “మామ పోయినంక ఆయమ్మ నోరు తెరిచేది వీణ్ణి తిట్టేదానికేనన్నా. వీడూ పోతే మళ్లా మూగదయిపోతాది. వీడింకేం పాడుపనులు సేస్తాడో రోంత సెప్పన్నా.”

తిరుపతి దాకా నేను వెనక నుంచి అందించాను, కోడలు చదివినట్టు చెప్పింది, ముసలామె కడుపారా తిట్టింది.

ఇందులో నేను నిజంగా కల్పించింది, వాడు చచ్చాక చేసిన ఆ దుర్మార్గాలు మాత్రమే.