పడమటి వైపు అద్దాల గది

గాజుపెట్టె మాస్టారికి ఆ పేరు పెట్టింది వీధివాళ్ళే. రిటైరైన మర్నాడే ఆయన ఇంటి వెనక, అదీ పడమటి వైపు, అద్దాల గది మొదలుపెట్టించారు, సాయంకాలపు వెలుతురు అందంగా ఉంటుందని. వేసవిలో ఆ గదిలో కొవ్వొత్తి నిలబెడితే అగ్గిపుల్ల గీయకుండానే చతికిలబడుతుంది. ఆయన మాత్రం తలమీద తడి తువ్వాలు వేసుకుని, గొడుగు తెరుచుకుని, అందులోనే పేపరు చదువుతారు. ముక్కు చివరి చెమట అక్షరాల మీద పడితే చిటికెనవేలితో అద్దేస్తారు. "వెలుతురు చూశావా?" అని అడిగితే, "చూశాను, కళ్ళు పోయాయి," అంటుంది భార్య. గాలివాన వచ్చినప్పుడల్లా అద్దాలు పగలడం, ఆయన మళ్ళీ వేయించడం. విసిగిపోయి ఆవిడ తేల్చి చెప్పేసింది: "ఈసారి ఒక్కటి పగిలినా ఇటుక గోడే."

నిన్న మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. మాస్టారు రెండు చేతులూ చాపి పెద్ద అద్దానికి బల్లిలా అతుక్కుపోయారు. "బుద్ధుందా మీకు? ఇవతలకి రండి," అని ఆవిడ చొక్కా పట్టుకు లాగింది. "లాగే బదులు నువ్వూ ఓ చెయ్యి వెయ్యొచ్చు కదే," అన్నారాయన. ఆవిడ తిట్టుకుంటూనే తలుపు పక్కనున్న అద్దానికి వీపు ఆనించింది. గాలి తగ్గేదాకా తిట్టూ ఆపలేదు, వీపూ తీయలేదు. అద్దాలన్నీ నిలిచాయి. ఆవిడ తడిసిన కొంగు పిండుకుంటూ, "రేపు మేస్త్రిని పిలవండి," అంది. మాస్టారి ముఖం వాడిపోయింది. "గోడకా?" అన్నారు.

"తలుపు గడియకి. అది సరిగా పడక, ఆ సందులోంచి నీళ్ళన్నీ నా మీదే పడ్డాయి."