గోడ దాటిన దూలాలు

బోధన్‌లో ఆడపిల్లల బడికి టీచరుగా వెళ్ళిన కొత్తలో, అరవైల చివర, నేను అద్దెకు దిగిన ఇల్లు ఆ వీధిలో అన్నిటికన్నా పాతది. ఎంత పాతదో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఇంటి బరువంతా టేకు కంబాలూ దూలాలే మోసేవి. గోడలంటే కంబాల మధ్య నింపిన మట్టి, అంతే. దూలాల మీద చెక్కలు పరిచి కట్టిన పై గది నాది. కింద ఇంటామె ఉండేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. వీధిలో అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను.

నేను వెళ్ళేసరికే ఆ ఇల్లు రెండిళ్ళయింది. భర్త పోయాక మరిది వాటా పంచుకుని, నట్టింట్లో కంబాల వరుస వెంట ఇటుక గోడ లేపాడు. కంబాలు ఆ గోడలో ఇరుక్కుని ఇటు సగం, అటు సగం కనిపించేవి. దూలాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అవి గోడ మీదుగా ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి సాగిపోయేవి.

మాది మెండోర దిక్కు పల్లె. ఎప్పుడూ ఇంటినిండా మనుషులే. బోధన్‌లో బడి వదిలాక నాతో మాట్లాడే మనిషి లేదు. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లను చూస్తూ కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఖాలా కూడా మాటకారి కాదు. తస్బీ పూసలు తిప్పుకుంటూ గోడకానుకుని కూర్చునేది.

ఒక సాయంత్రం నీళ్ళకని కిందికి దిగితే, చప్పుడు చేయకుండా కూర్చోమని సైగ చేసింది. నా గదిలో ఎవరూ లేరు, అయినా పైన దూలం సన్నగా కిర్రుమంటోంది.

"మా మరిది పెండ్లాం మీది అర్రలకు పోతున్నది," అంది. "ఆమెది బరువు నడక. పిల్లయితే ఉరుకుతది."

గోడ లేచినప్పటి నుంచి వాళ్ళతో మాటల్లేవట. పిల్ల పుట్టినప్పుడు కూడా ఎవరూ వచ్చి చెప్పలేదట. ఏడుపు వినపడితే తెలుసుకుందట. తర్వాత ఆ పిల్ల అడుగులు నేర్చుకోవడం కూడా ఇక్కడ కూర్చునే విన్నదట.

మరుసటి ఏడు వానలు వెనుకబట్టాక, మరిది తన వాటా పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. దూలాలు కోస్తే ఈ పక్క కూలుతుందని మేస్త్రి చెప్పాడు. అందుకని మరిది స్వయంగా వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. గడప బయటే నిలబడి, తల వంచుకుని, "భాభీ" అంటూ వదినను పలకరించాడు. ఇటువైపు కొత్త కంబాలు నిలబెట్టిన తర్వాతే దూలాలు కోయిస్తానని, ఆమె వద్దంటే ముట్టనని ఉర్దూలో చెప్పాడు. ఖాలా అంతా విని, పిల్ల ఎట్లా ఉందని అడిగింది. బడికి పోతోందన్నాడు. ఒకసారి తీసుకు రమ్మంది. తెస్తానన్నాడు. అయితే దూలాలు కోయించుకొమ్మంది.

అతను పోయాక, ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను.

"వద్దంటే మల్ల రాడు బిడ్డా," అంది. "గిప్పుడైతే వచ్చిండు గద."

వడ్లవాళ్ళు వచ్చి దూలాలు కోశారు. ఇల్లంతా పాత టేకు వాసన. గోడ పక్కన నిలబెట్టిన కొత్త కంబాలు పచ్చిగా, పరాయిగా కనిపించేవి. అటువైపు మట్టి అంతా బండ్లలో వెళ్ళిపోయి, దాని చోట స్లాబు లేచింది. ఆ తర్వాత అటునుంచి ఏ చప్పుడూ రాలేదు. ఈద్‌కి మరిది ఇంటి నుంచి షీర్ ఖుర్మా పాయసం గిన్నె వచ్చింది. పనిమనిషి తెచ్చింది. పిల్ల రాలేదు.

ఒకనాడు ఖాలా మెట్ల దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

"మీద ఉన్నవా బిడ్డా? సప్పుడు లేదు."

ఆమె మీద మట్టి రాలుతుందని నేను ఎప్పుడూ మెల్లగా నడిచేదాన్ని. అదే చెప్పాను.

"రాలనియ్యి," అంది. "చెప్పులేసుకొని నడువు."

అప్పటి నుంచి పని లేకపోయినా కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా నడిచేదాన్ని. కింద ఒకరు వింటున్నారంటే నాకూ కొంచెం ధైర్యంగా ఉండేది.

ఎండాకాలంలో నిజామాబాద్‌కు బదిలీ అయింది. ఖాలాకు చెబితే, పై గదిలోకి ఎవరినైనా చూసి పెట్టి పొమ్మంది. బడిలో కొత్తగా చేరిన టీచరుకు భర్తా, చిన్న పిల్లలూ ఉన్నారు. ఆమెను ఒప్పించాను. నేను పెట్టె పట్టుకుని దిగుతుంటే వాళ్ళు సామాను ఎక్కిస్తున్నారు, పిల్లలు అప్పుడే చెక్కల మీద ఉరుకుతున్నారు. పోయి వస్తానని చెప్పాను. ఖాలా నా చెయ్యి పట్టుకుంది, కానీ నా వైపు చూడలేదు. ఆమె చూపంతా పైనే ఉంది.