మా గోల్‌కీపర్ ఫురాహా

మా చిన్నప్పుడు... అమెరికాలో, ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక ఖాళీ స్థలంలో, సాయంత్రమైతే కోచ్ ఎస్తర్ బంతిని చంకలో పెట్టుకుని నిలబడేవారు. ముందు హోంవర్క్ చూపించాలి. చూశాకే బంతి కిందకు దిగేది. రాయని పిల్ల గట్టు మీద కూర్చుని రాసి, ఆ తర్వాతే ఆటలోకి రావాలి.

ఆ పద్ధతి ఆవిడ ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నది. కాంగోలో యుద్ధం వచ్చి ఊరు విడిచి, టాంజానియాలో శరణార్థుల శిబిరంలో ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడ ఆడపిల్లలు నీళ్లు మోయాలి, కట్టెలు తేవాలి, తమ్ముళ్లను ఎత్తుకోవాలి... కాస్త ఎదిగితే పెళ్లి. బడి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. అందుకని ఎస్తర్ ఆడపిల్లలతో సాకర్ టీమ్ పెట్టారు. పొద్దున బడికి వచ్చిన పిల్లకే సాయంత్రం ఆట. ఆట కోసం పిల్లలే ఇళ్లలో పోట్లాడి మరీ బడికి వచ్చేవారట.

ఆ టీమ్‌లో గోల్‌కీపర్ ఫురాహా. అమెరికా వచ్చాక మా గోల్‌కీపర్ కూడా తనే. నాకంటే ఏడాది పెద్ద. మా కింది పోర్షన్‌లోనే ఉండేది.

శిబిరంలో తనకు తండ్రి వయసున్న మనిషితో పెళ్లి కుదిర్చారట. ఎస్తర్ వెళ్లి వాళ్ల గుమ్మం ముందు కూర్చున్నారు. "గోల్‌కీపర్ లేకుండా ఎలా ఆడతాం? ఈ టోర్నమెంట్ అయ్యేదాకా ఆగండి" అన్నారట. అది అయ్యాక ఇంకొకటి... లేని టోర్నమెంట్లు కూడా ఆవిడే పెట్టించారు. అలా వాయిదాలు పడుతుండగానే వాళ్లకు అమెరికా కాగితాలు వచ్చాయి. ఫురాహా ఆ కథ చెబుతుంటే మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ఇక్కడికి వచ్చేశాక ఇంకేం భయం అనుకున్నాం...

తండ్రి కాగితాలు మాత్రం రాలేదు. ఆయన శిబిరంలోనే ఉండిపోయారు. తల్లి హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి వెళ్లేది. ఇంట్లో నడక నేర్చే కవలలు. డేకేర్‌కు పంపే స్తోమత లేదు. ఫురాహా స్కూల్ మానడం మొదలుపెట్టింది... మొదట అప్పుడప్పుడు, తర్వాత వారాల తరబడి.

ఎస్తర్ మా ఇంటికి వచ్చారు. "మీరు పగలు ఇంట్లోనే ఉంటారు కదా... ఆ పసివాళ్లను కాస్త చూడగలరా?" అని అమ్మను ఇంగ్లిష్‌లో అడిగారు.

అమ్మ గుంటూరులో లెక్చరర్‌గా చేసింది. ఇక్కడ భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు.

"మనకెందుకే ఈ రిస్క్? రేపు ఆ పిల్లలకేమన్నా అయితే లీగల్‌గా ప్రాబ్లమ్" అన్నారు నాన్న.

"ఆ పిల్ల చదువు ఆగిపోవడం ప్రాబ్లమ్ కాదా అండీ?" అంది అమ్మ.

మర్నాటి నుంచి కవలలు మా ఇంట్లో. అమ్మ బొంత పరిచి కూర్చోబెట్టి, ముద్దపప్పు నెయ్యన్నం గోరుముద్దలు పెట్టేది. వాళ్ల అమ్మ భాష కంటే ముందు "ఇంకో ముద్ద" అనడం వచ్చేసింది వాళ్లకు. ఫురాహా, నేను కలిసి స్కూల్ బస్ ఎక్కేవాళ్లం. ఆల్‌జీబ్రాలో బీ గ్రేడ్ వచ్చిన రోజు ఫురాహా పరుగెత్తుకొచ్చి అమ్మను అమాంతం ఎత్తేసింది!

అంతలో నాన్న ప్రాజెక్ట్ పోయింది. వీసా నిలవాలంటే గడువులోగా ఇంకో ఉద్యోగం దొరకాలి. దొరికింది... కానీ వేరే రాష్ట్రంలో, ఆష్‌బర్న్‌లో.

సామాను సర్దడం మానేసి, కవలలను చూసేవాళ్ల కోసం అమ్మ మా కాంప్లెక్స్‌లో తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. "పాపం అనిపిస్తుంది కానీ, మనకెందుకండీ" అన్నారు ఆంటీలందరూ. వాళ్లననేదేముంది... మా నాన్న అన్న మాటే కదా.

మేం బయలుదేరిన రోజు ఫురాహా మెట్ల దగ్గర నిలబడింది. చెరో చంకలో ఒక పిల్లవాడు. "ఇట్స్ ఓకే ఆంటీ, ఐ విల్ మేనేజ్" అంది. అమ్మ ఫురాహా తల నిమిరింది. కారు హైవే ఎక్కాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కొన్నాళ్లు ఎస్తర్ ఫోన్లు చేసేవారు. ఫురాహా మళ్లీ స్కూల్ మానేసిందన్నారు... తల్లితో పాటు హోటల్ పనికి వెళుతోందన్నారు... తర్వాత వాళ్లు వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారన్నారు. ఆఖరి ఫోన్‌లో ఆవిడ గొంతు గుర్తుపట్టలేకపోయాం. ఫురాహా తండ్రి శిబిరం నుంచే ఫోన్‌లో సంబంధం ఖాయం చేశాడట. పద్దెనిమిది నిండకుండానే పెళ్లి.

"అక్కడ ఆపగలిగాను... ఇక్కడ నాకు తెలిసేసరికి అయిపోయింది" అన్నారు ఎస్తర్.

ముగ్గురు పిల్లలతో ఒంటరిగా రెక్కలు ముక్కలు చేసుకున్న ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. ఫురాహా ఎక్కడుందో ఎంత వెతికినా తెలియలేదు. అమ్మ ఇప్పటికీ ఆ పేరు వింటే మాట మార్చేస్తుంది.

ఇప్పుడు మా ఆష్‌బర్న్‌లో శనివారం వచ్చిందంటే గ్రౌండ్ల నిండా ఆడపిల్లలే... మెరిసే జెర్సీలు, మడత కుర్చీల్లో అమ్మానాన్నలు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఒక పిల్ల రావడం మానేస్తే గ్రూప్‌లో ఒక మెసేజ్, ఆ స్థానంలో ఇంకో పిల్ల... అంతే. ఎందుకు రాలేదని అడిగేవాళ్లు కనబడరు.

మీతో ఆడి, మీతో చదివి, మధ్యలోనే కనబడకుండా పోయిన అమ్మాయి ఎవరైనా గుర్తున్నారా...? కథంతా చెప్పకపోయినా సరే... ఏం ఆట బాగా ఆడేదో, అదొక్కటి రాయండి.