అర్థం కాలేదంది

నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునేది నేను, నా పక్క బల్ల మాస్టారిది. పాఠం చెప్పింది ఏనాడూ లేదు, ప్రతిదానికీ "లెక్క ప్రకారం" అంటాడని ఆ పేరు పెట్టింది నేనే. ఏ వీధికి ఏ గంటకి నీళ్ళు వదలాలో పంపులకి చెప్పే ప్రోగ్రాం ఇరవై రెండేళ్ళ కిందట ఆయనొక్కడే రాశాడు. పేర్లన్నీ ఒంటి అక్షరాలు. ఎక్కడా ఒక్క ముక్క వివరం లేదు.

"ఇది లెక్కమ్మా. సరిగ్గా ఉందా, లేదా, అంతే. కబుర్లెందుకు?" అనేవాడు. ఆ పొగరే మెడకి చుట్టుకుంది.

ఆయన్ని పెంచి పెద్దచేసిన అక్కకి చూపు పోతోంది. చలికాలం దాటితే మొహాలు ఆనవని డాక్టరు చెప్పేశాడు. ఈలోపే వెళ్ళి ఆవిడ దగ్గరుండాలని మాస్టారు రాజీనామా ఇచ్చాడు. మేనేజరు వెనక్కిచ్చేశాడు. "ఇది చదవగలిగే మనిషిని చూపించి వెళ్ళండి, లేదంటే పింఛను ఆగిపోతుంది" అన్నాడు. నేర్చుకోడానికి ఇద్దరొచ్చారు, వారం తిరక్కుండా చెప్పాపెట్టకుండా పోయారు.

మూడోసారి ఒక పిల్లొచ్చింది. గడుగ్గాయి. మొదటిరోజే మాస్టారిని తగులుకుంది.

"మిషన్‌కేం సార్, ఎలా చెప్పినా వింటుంది. మీరు రాయాల్సింది మీ తర్వాత ఈ కుర్చీలో కూర్చునే మనిషికి. ఇది ఉత్తరం సార్, లెక్క కాదు."

ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. అయినా నెలన్నరపాటు ఆ పిల్ల పక్కనే కూర్చుని, ఎక్స్ అంటే కొండ మీద ట్యాంకనీ, వై అంటే గొట్టం వాలనీ ఒక్కో అక్షరానికీ మాట చెప్పాడు. ఓరి దేవుడా, ఈయనకి ఇన్ని మాటలొచ్చా అని ముక్కున వేలేసుకున్నాను.

నిన్న పొద్దున ఆ పిల్ల ప్రోగ్రాంలో ఒక వరస దగ్గర ఆగి, "సార్, ఇక్కడ చివరి వీధికి పది నిమిషాలు తగ్గిపోతోంది" అంది. ఆ వీధివాళ్ళు ఏళ్ళ తరబడి నా ప్రాణం తీస్తున్నది దానికే! మాస్టారు చూసుకుని ఫక్కున నవ్వాడు. "నా లెక్కే తప్పమ్మా" అన్నాడు. వెంటనే అక్కకి ఫోన్ చేసి ఆదివారానికి వచ్చేస్తున్నానన్నాడు.

మధ్యాహ్నం మేనేజరు వాళ్ళిద్దర్నీ, ఫిర్యాదుల పుస్తకంతో నన్నూ పిలిచాడు.

"మొత్తం అర్థమైందా?" అని పిల్లనడిగాడు. "ఇకమీద ఇది నీదే. ఇంకొకరు దొరికేదాకా బదిలీలూ, పొడుగు సెలవులూ అడక్కూడదు మరి."

పిల్ల మాస్టారి వంక చూసింది. తెల్లజుట్టు వంక, చేతిలో మడతపెట్టిన రాజీనామా వంక చూసింది.

"లేదు సార్" అంది. "నాకేం అర్థం కాలేదు."

ఒట్టి అబద్ధం! ఒళ్ళు మండి నోరు తెరవబోయాను. మాస్టారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అవునండీ. ఆ అమ్మాయికింకా పట్టుబడలేదు" అన్నాడు.

బయటికొచ్చి ఫోన్ తీశాడు. "ఆదివారం కుదరదక్కా."

అవతల ఆవిడ గొంతు నాకూ వినబడింది. "కంగారేం లేదురా. ఇంకా కొంచెం కనిపిస్తూనే ఉంది."