చెంబుకు అల్లిన కుళ్ళాయి

మా మనవరాలు మొన్న సెలవులకొచ్చి క్రోషా అల్లిక నేర్చుకుంటానని కూర్చుంది. నేర్పేది ఫోనులో ఒకావిడ, తప్పు చేస్తే వేలిమీద ఒక్కటిచ్చే వీలు ఆవిడకి లేదు, అందుకని తప్పులు నిరాటంకంగా సాగిపోయాయి. చివరికి విసిగి అల్లిందంతా లాగేస్తే ఒడినిండా ఊలు ఉంగరాలు ఉంగరాలుగా పడింది. సాగదీసినా మళ్ళీ ముడుచుకుపోతున్న ఆ దారాన్ని చూసి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, పొయ్యిమీద ఏమీ లేకపోయినా.

అరవైల చివర, నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో, నాకు పదకొండేళ్ళప్పుడు మా అప్ప తొలి కాన్పుకి పుట్టింటికి వస్తూ ఒక కొక్కెం సూదీ, పసుపుపచ్చ ఊలూ తెచ్చింది. మా వైపు చలి అంటే మార్గశిరంలో నాలుగు రోజులు దుప్పటి వెతుక్కోవడమే కాబట్టి అందరూ నవ్వారు, అందరికన్నా ముందు నేను. ఇంట్లో ఎవరు అలిగినా ఏడ్చినా ఒక మాట విసిరి గాలి తీసెయ్యడం అప్పట్లో నా ఉద్యోగం. వేళ్ళు నీరుపట్టి తనకు వంగక, అప్ప ఆ సూది నా చేతికే ఇచ్చింది. పసిబిడ్డ కుళ్ళాయిని నడినెత్తి దగ్గర మొదలెట్టి చుట్టూ తిరుగుతూ అల్లాలి. చుట్టుకెన్ని కుట్లు పెంచాలో తప్పి, నాది పళ్ళెంలా పరుచుకుపోయింది.

“ఒసే, ఇది కుళ్ళాయేటే? అంబలికుండ మూతలాగున్నాది,” అంది అప్ప.

మూడుసార్లు విప్పి నాలుగోసారికి కుదిర్చాను. పసితలకు కొలతగా చిన్న చెంబు బోర్లించి తొడిగి చూస్తూంటే మామ్మ వచ్చింది. పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ సిద్ధం చెయ్యకూడదని మా ఇంట్లో గట్టి పట్టింపు.

“బిడ్డ పుట్టకముందే కుళ్ళాయి కుట్టినట్టని ఊరికే అన్నారేటే?”

“బిడ్డకి కాదు మామ్మా, సెంబుకి. దానికి సలేస్తన్నాది.”

మామ్మ చెంబుకేసి చూసి, నాకేసి చూసి, వెళ్ళిపోయింది.

అప్పకి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడవలేదు.

నన్నెవరూ ఏమీ అనలేదు. మామ్మ ఆ సామెత ఎప్పుడంటుందా అని రోజూ ఎదురుచూశాను. ఒకరోజు అప్ప చెంబుమీది కుళ్ళాయి కొస పట్టుకుని లాగడం మొదలెట్టింది. చెంబు నేలమీద దొర్లుతూ చప్పుడు చేస్తోంది. నాకు విసరడానికి ఒక్క మాటా దొరకలేదు. పెరట్లోకి పరిగెత్తి, అది బిడ్డకే అల్లానని, అందుకే ఇలా అయిందని మామ్మకి చెప్పేశాను.

“సెంబుకే అల్లేవు. నువ్వే సెప్పేవు గదే,” అంది మామ్మ.

ఆ వంకర ఊలుని వేన్నీళ్ళలో నానబెట్టి, దండెం మీద వేసి, బరువుకి ఆ చెంబునే కట్టి వేలాడదీసింది. మర్నాటికి దారం సాఫయింది. తర్వాత అప్పకి ఇద్దరు పుట్టారు, వాళ్ళ కుళ్ళాయిలు బజారులో కొన్నారు. ఆ సామెత మామ్మ నోట మళ్ళీ వినలేదు.

కొత్త ఊలు ఆర్డరు పెడితే రేపొచ్చేస్తుంది కదా అంది మనవరాలు. వస్తుంది. ఇప్పుడు బిడ్డ పుట్టకముందే ఉయ్యాలతో సహా అన్నీ వచ్చేస్తున్నాయి, ఎవరూ ఏమీ అనరు, మంచిదే. కానీ నా అబద్ధం అబద్ధమని తెలిసీ, నాకోసం దాన్ని చివరిదాకా నిజంగానే ఉంచిన ఆ ముసలావిడ ఇంక రాదు. వేన్నీళ్ళు కాచి ఊలు నానబెట్టాను. ఇంట్లో చెంబు లేదు. నీళ్ళసీసా కట్టి వేలాడదీశాను.