కాలు తీస్తే ఆగిపోయే కారు

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, జూన్ మొదటివారంలో నన్ను మేడ్చల్ సర్వీస్ సెంటర్‌కు ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా వేశారు. మెకానిక్కులకు పైన, వర్క్స్ మేనేజర్‌కు కింద ఉండే పదవి. కారు బాగుందని సంతకం పెట్టాల్సింది నేనే. అప్పటిదాకా నేను డీజిల్ బళ్ళ మనిషిని. టర్బో పెట్రోలు కార్లంటే లోపల బెరుకు, పైకి మాత్రం మహా ధీమా.

శామీర్‌పేటలో కోళ్ళఫారం నడిపే రాజిరెడ్డిగారి కారును ఆయన డ్రైవర్ మల్లేశం తెచ్చాడు. వేగంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజన్ ఆగిపోతోందని ఫిర్యాదు. నేనే నడిపి చూశాను, ఆగలేదు. జాబ్ కార్డు మీద ‘లోపం లేదు’ అని రాసి పంపాను.

నాలుగు రోజులకు కారు మళ్ళీ వచ్చింది. ఈసారి బానెట్ ఎత్తితే కొత్త బ్లో-ఆఫ్ వాల్వు కనిపించింది. టర్బో అనే ఫ్యాను ఇంజన్లోకి తోసే గాలికి, కాలు తీయగానే దారి మూసుకుపోతుంది. ఆ గాలిని కంపెనీ వాల్వు గొట్టంలోంచి మళ్ళీ టర్బో ముందుకే పంపుతుంది. ఇదేమో బుస్సుమంటూ బయటికి వదిలేస్తోంది. ఆ చప్పుడు మీద మోజుతో రాజిరెడ్డిగారు సుచిత్ర దగ్గరి ఓ షాపులో వేయించుకున్నారట. అనుమానం వచ్చింది. కానీ అలాంటి వాల్వే మా మేనేజర్ కారుకూ ఉంది. అది వేరే కంపెనీ కారు, ఏడాదిగా ఒక్కసారీ ఆగలేదు. నాకేమీ పాలుపోలేదు. మళ్ళీ నడిపాను, మళ్ళీ ఆగలేదు. ‘నడిపే తీరులో లోపం’ అని రాసేశాను. ఏమీ తోచనప్పుడు మేం రాసే మాట అది.

మర్నాడే మల్లేశం ఆ కాగితం పట్టుకొని కారుతో సహా వచ్చాడు. సోమవారం నుంచి వేరే డ్రైవర్‌ను పెట్టుకుంటానని యజమాని చెప్పారట.

“పద్దెనిమిదేండ్ల సంది నడుపుతున్న సార్. గీ ఒక్క కాయితంతోని నా నౌకరి పోతాంది. జెర మీరు పక్కకు కూసోండ్రి, నేను నడుపుత,” అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా కూర్చున్నాను.

శామీర్‌పేట రోడ్డెక్కి వేగం పెంచాడు. స్పీడ్ బ్రేకర్ కనబడగానే కాలు తీసి, ఆ క్షణంలోనే క్లచ్ తొక్కాడు. వాల్వు బుస్సుమంది, ఇంజన్ ఆగింది. మూడుసార్లు చేసి చూపినా అంతే. నేను స్టీరింగ్ తీసుకొని అతనిలాగే చేస్తే నాకూ ఆగింది. నా అలవాటు వేరు. గేరులోనే ఉంచి, చివర్లో క్లచ్ తొక్కుతాను. ఆలోగా తిరుగుతున్న చక్రాలే ఇంజన్‌ను ఆగనివ్వలేదు. నా నైపుణ్యమే లోపాన్ని కప్పిపెట్టింది.

మిగతాది సెంటర్‌కు తిరిగొచ్చాక బోధపడింది. ఆ కారులో లోపలికి వచ్చే గాలిని ఫిల్టర్ పక్కనే ఒక సెన్సర్ లెక్కగడుతుంది. లెక్కలోకి వచ్చిన గాలి బయటికి పోయినా పెట్రోలు మాత్రం దానికి సరిపడా పడుతుంది, ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. మేనేజర్ కారులో కొలిచేది వాల్వు దాటాక, ఇంజన్ దగ్గరి ఒత్తిడిని. బయటికి పోయిన గాలి అక్కడ లెక్కలోకే రాదు, అందుకే దానికి ఏమీ కాలేదు. డిక్కీలో ఉన్న పాత వాల్వు బిగించి మల్లేశంతోనే పదిసార్లు నడిపించాను. ఒక్కసారీ ఆగలేదు.

జాబ్ కార్డులో నా రాత కొట్టేసి, ‘లోపం వాల్వుది, డ్రైవర్‌ది కాదు’ అని రాసి, సంతకం పెట్టి నేనే కోళ్ళఫారానికి తీసుకెళ్ళాను. రాజిరెడ్డిగారు చదివి, “అయితే ఇగ గా సప్పుడు రాదా సార్?” అని దిగులుగా అడిగారు. రాదన్నాను. మల్లేశం ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ రోడ్ టెస్టులోనూ మొదట స్టీరింగ్ నేను పట్టుకోలేదు. ఫిర్యాదు తెచ్చినవాడు నడిపేవాడు, నేను ఎడమ సీట్లో కూర్చునేవాణ్ణి.