లిస్టులో పేరు లేని సుభద్ర

ఈ రోజు ప్రొద్దుటూరులో మా కాలేజీ గ్రౌండులో అమ్మాయిల ఫుట్‌బాల్ సెలెక్షన్లు జరిగాయి. ఆటగాళ్లను ఎంచుకోవడానికి ఒక క్లబ్బు నుంచి కోచ్ వచ్చారు. ఈ ఏడాది కాలేజీలో చదువుతున్నవాళ్లనే ఆడనివ్వాలని మా ప్రిన్సిపాల్ నిబంధన. పేర్ల లిస్టు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది నేనే, వాళ్ల పీఈటీ సారును.

తుమ్మలపల్లె నుంచి సుభద్ర వచ్చింది. నా దగ్గర రెండేళ్లు ఆడిన పిల్ల. తండ్రి పోయాక చదువు మానేసి చీనీ, అంటే బత్తాయి తోటల్లో పనికి వెళుతోంది.

"లిస్టులో నీ పేరు లేదమ్మా" అన్నాను.

"తెలుసు సార్. అందరూ ఆడినాక పది నిమిషాలు ఇయ్యండి, సాలు."

గేటు తీశాను. మా గోల్‌కీపర్ రమ్య తండ్రి అది చూసి దగ్గరికి వచ్చాడు.

"కాలేజీలో లేని పిల్లను ఎట్ల ఆడిస్తారు సార్? మా పాప మూడేండ్ల నుంచి దీనికోసమే కష్టపడతాండాది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఇంతలో రమ్యే వచ్చింది.

"ఆడనీ నాయనా. ఆయక్క కొడితేనే నేను ఎట్ల ఆపుతానో తెలిసేది."

సుభద్ర ఆరు బంతులు కొట్టింది. రమ్య రెండే ఆపగలిగింది. చివరికి కోచ్ మా గ్రౌండులో ఒక్క పేరే రాసుకున్నారు, సుభద్రది.

రమ్య గ్లవ్స్ విప్పి, సుభద్రను గట్టిగా పట్టుకుంది. రమ్య తండ్రి నావైపు చూడకుండానే బండి స్టార్ట్ చేశాడు.

రేపు ప్రిన్సిపాల్‌కు సంజాయిషీ రాసివ్వాలి. అది ఎట్లాగో రాస్తాను. రమ్య తండ్రికి ఏం చెప్పాలో మాత్రం తోచడం లేదు. ఆ గేటు దగ్గర మీరుంటే ఏం చేసేవారు?